గ్రూపు ముందా, పని ముందా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో గణపవరం, నిడమర్రు, ఉంగుటూరు, ఆకివీడు వైపు ఏ ఇంట్లో విన్నా ఒకటే ప్రశ్న: ఇంటర్లో ఏ గ్రూపు? ఏ పని చేస్తావు, ఆ పని రోజంతా ఎలా ఉంటుంది, దానికి ఎన్నేళ్ల చదువు కావాలి అన్న మాటలు ఆ తర్వాతెప్పుడో వస్తాయి. చాలా ఇళ్లలో అసలు రావు. ఎంపీసీ అంటే ఇంజనీరు, బైపీసీ అంటే డాక్టరు, మార్కులు తగ్గితే సీఈసీ అని పెద్దలు తేల్చేస్తారు, పదిహేనేళ్ల పిల్లలు తలాడిస్తారు. ఈ వరుస తలకిందులుగా ఉందని, ముందు పనిని చూసి ఆ పని అడిగే చదువును తర్వాత వెతుక్కోవాలని నా వాదన. అన్నిచోట్లా చెప్పదగిన మాటే అయినా కొల్లేటి సరస్సు చుట్టుపక్కల దీనికి బలం ఎక్కువ. శాస్త్రం తెలియకపోతే ఒక్క రాత్రిలో లక్షలు నష్టపోయే వృత్తి ఇక్కడ ఊరూరా నడుస్తోంది. ఆ శాస్త్రం చదివినవాళ్లు మాత్రం ఊరికొకరు కూడా లేరు.

ఇంజనీరు, డాక్టరు అన్న రెండు మాటలకు ఈ నేల మీద ఇంత విలువ ఎందుకొచ్చిందో ముందు ఒప్పుకోవాలి. గోదావరి మండలం 19వ శతాబ్దం తొలి సగంలో కరువుతో, వరదతో చితికిపోయిన ప్రాంతం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తై కాలువలు పారాక ఆ కరువు నేలే అన్నపూర్ణ అయింది. అది ఆర్థర్ కాటన్ అనే ఒక ఇంజనీరు పనితనం. ఇప్పటికీ ఊరి కూడళ్లలో ఆయన విగ్రహాలకు దండలు పడుతున్నాయంటే ఆ వృత్తి మీద గౌరవం ఎంత లోతుగా దిగిందో తెలుస్తుంది. ఆ తర్వాత చదువు వచ్చింది. ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల, భీమవరంలో డి.ఎన్.ఆర్. కళాశాల రెండూ 1945లోనే మొదలయ్యాయి. గాంధేయవాది చింతలపాటి మూర్తిరాజు గారు పెదనిండ్రకొలను కేంద్రంగా పల్లెపల్లెకూ బడులు తెచ్చారు, గణపవరం ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఈనాటికీ ఆయన పేరుతోనే ఉంది. 1980లో భీమవరంలో ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల, 1989లో ఏలూరులో సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల, 2015లో తాడేపల్లిగూడెంలో నిట్ వచ్చాయి. వాటిలో చదివిన పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, అమెరికా వెళ్లి ఇంటి అప్పులు తీర్చారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు. కాబట్టి ఎంపీసీ వైపు పరుగును తెలివితక్కువ పని అనలేం. కళ్లముందు పండిన పంటనే మళ్లీ వేయడం రైతు లక్షణం.

అయితే ఆ పంట పండిన కాలంలోనే ఊరి చుట్టూ ఉన్న పొలం స్వరూపం మారిపోయింది. 1970ల్లో కొల్లేరులో సహకార సంఘాల చెరువులతో మొదలైన చేపల సాగు వరి చేలలోకి పాకింది. కట్ల, శీలావతి పెంచే చెరువులు కైకలూరు, మండవల్లి, ఆకివీడు, నిడమర్రు, గణపవరం దాకా పరుచుకున్నాయి. రొయ్య కూడా వచ్చింది. 1994లో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి రావడంతో మళ్లీ ఊపందుకుంది. ఈ రోజు చేపలు, రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, అందులో కొల్లేటి చుట్టుపక్కల ప్రాంతానిది పెద్ద వాటా. ఇక చదువు సంగతి చూడండి. రాష్ట్రంలో మత్స్యశాస్త్ర కళాశాల 1991లో మొదలైంది, అదీ ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో నెల్లూరు జిల్లా ముత్తుకూరులో. నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయానికి చట్టం 2020లో, శంకుస్థాపన 2022 నవంబరులో జరిగాయి. అంటే చెరువు తవ్విన నలభై ఏళ్లు దాటాక గానీ చెరువు చదువుకు విశ్వవిద్యాలయమన్న మాట ఈ ప్రాంతపు గడప తొక్కలేదు. ఈ నలభై ఏళ్లూ రైతుకు సలహా చెప్పిందెవరు? ఎక్కువగా మేత, మందులు అమ్మే దుకాణమే. మందు అమ్ముకునేవాడే రోగం చెప్పే ఏర్పాటు మనుషుల వైద్యంలో ఉంటే మనం ఒప్పుకోం. చేపల విషయంలో అలవాటుపడిపోయాం.

చెరువులో జరిగేది కంటికి కనిపించదు కాబట్టి అక్కడ చదువు అవసరమేమిటని అనిపిస్తుంది. ఒక్క రాత్రి లెక్క తీసుకుంటే చాలు. పచ్చగా ఉన్న నీటిలోని నాచు పగలు ఎండలో ప్రాణవాయువును తయారుచేస్తుంది, రాత్రి అదే నాచు చేపలతో పాటు తనూ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారకముందు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. రెండు మూడు రోజులు మబ్బు పట్టిందంటే పగలు తయారయ్యేది తగ్గిపోతుంది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు. చేప బాగా ఎదగాలంటే లీటరు నీటికి 5 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఉండాలి. అది బాగా పడిపోయిన తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, ఏరియేటర్లు అందుబాటులో లేకపోతే పొద్దెక్కేసరికి గట్టంతా చచ్చిన చేపలు. మధ్యాహ్నం మరో రకం ముప్పు. నాచు బొగ్గుపులుసు వాయువును వాడేసుకున్న కొద్దీ నీటి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి చేరితే నీటిలోని అమ్మోనియాలో విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. మేత ఎక్కువ వేస్తే అమ్మోనియా ఎక్కువ, తక్కువ వేస్తే ఎదుగుదల తక్కువ. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది కనుక కిలో మేతకు ఎంత బరువు పెరిగిందన్న లెక్కలోనే లాభనష్టాలు తేలతాయి. ఇందులో రసాయనశాస్త్రం ఉంది, జీవశాస్త్రం ఉంది, లెక్కలు ఉన్నాయి. ఎంపీసీ, బైపీసీ అని మనం రెండుగా చీల్చి పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నదంతా ఆ చెరువు నీటిలో ఒకేచోట కలిసే ఉంది. పీహెచ్ అంటే ఏమిటో పరీక్షలో పది మార్కులకు రాసిన పిల్లవాడికి తన తండ్రి చెరువులో అది మధ్యాహ్నం ఎందుకు పెరుగుతుందో ఎవరూ చూపించలేదు. దీన్ని మించిన విద్యా నష్టం నాకు కనిపించడం లేదు.

చెరువు గట్టు దాటి వెళ్లినా ఇదే సంగతి. వాడకూడని యాంటీబయాటిక్ ఆనవాళ్లు కనిపిస్తే దూరదేశపు రేవు నుంచి కంటెయినర్ మొత్తం వెనక్కి వస్తుంది. ఆ ఆనవాలు పట్టే పరీక్ష చేసేది ప్రయోగశాలలోని సాంకేతిక నిపుణుడు. రొయ్య పిల్లల దశలోనే రోగం లేదని తేల్చేది పీసీఆర్ పరీక్ష, దాన్ని చేసేదీ చదువుకున్న మనిషే. హేచరీ, మేత మిల్లు, శీతల గిడ్డంగి, ఐసు ఫ్యాక్టరీ, ప్రాసెసింగ్ ప్లాంటు, ఎగుమతి పత్రాలు, బీమా, పన్నులు అన్నీ వేర్వేరు వృత్తులు. వాటిలో కొన్నింటికి నాలుగేళ్ల డిగ్రీ కావాలి, కొన్నింటికి రెండేళ్ల డిప్లొమా చాలు, రిఫ్రిజిరేషన్ మెకానిక్‌కు ఐటీఐ సరిపోతుంది. వీటి పేర్లు మన ఇళ్లలో వినిపించవు. వినిపించని వృత్తిని ఏ పిల్లా ఎంచుకోలేదు.

పేరు వినని వృత్తుల విలువ ఏలూరుకు 2020 డిసెంబరులో తెలిసింది. ఒక్కసారిగా జనం మూర్ఛతో, స్పృహ తప్పి పడిపోయారు. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. పట్టణంలో డాక్టర్లున్నారు, వైద్య కళాశాల కూడా ఉంది. వాళ్లు శక్తికొద్దీ ప్రాణాలు కాపాడారు. కానీ కారణమేమిటో చెప్పాల్సినవాళ్లు వేరు: విషపదార్థాల నిపుణులు, నీటినీ ఆహారాన్నీ విశ్లేషించేవాళ్లు, వ్యాధి ఎక్కడినుంచి ఎలా పాకుతోందో లెక్కగట్టేవాళ్లు. ఢిల్లీ నుంచి ఎయిమ్స్, నాగపూర్ నుంచి పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, హైదరాబాద్ నుంచి జాతీయ పోషకాహార సంస్థ రంగంలోకి దిగాల్సి వచ్చింది. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, పురుగుమందుల అవశేషాల మీదా వేలు చూపారు. ఇంటింటా డాక్టరు కావాలని కోరుకున్న ప్రాంతంలో, కష్టం వచ్చిన రోజున అవసరపడిన వృత్తుల పేర్లు ఏ ఇంట్లోనూ ఎవరూ తలచుకుని ఉండరు. కొల్లేరు విషయమూ అంతే. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టిన ఆపరేషన్ కొల్లేరు, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వాగు. ఆ నీరు దిగేది కొల్లేటిలోకే, కొల్లేటి నుంచి సముద్రానికి పోవాల్సింది ఉప్పుటేరు గుండానే. ఈ నీటి లెక్క తెలిసిన జలశాస్త్రజ్ఞుడు, సరస్సు జీవావరణం చదివినవాడు, సరస్సు కాంటూరు హద్దుల మీద జిరాయితీ రైతు తరఫునా మత్స్యకారుడి తరఫునా వాదించగల న్యాయవాది కావాలి. వాళ్లు ఈ ఊళ్ల నుంచే రావాలని కోరడం అత్యాశ కాదు.

నిజానికి చదువుకునే చోట్లు దగ్గర్లోనే చాలా ఉన్నాయి. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. ఏలూరు పక్కన పెదవేగిలో ఆయిల్ పామ్ మీద జాతీయ స్థాయి పరిశోధన సంస్థ ఉంది. మార్టేరు వరి పరిశోధన కేంద్రం సుమారు నూరేళ్ల నాటిది. అక్కడ రూపుదిద్దుకుని 1982లో విడుదలైన ఎంటీయూ 7029, మనం స్వర్ణ అని పిలిచే వరి, తూర్పు భారతమంతా పాకింది. దానికి మునకను తట్టుకునే గుణం చేర్చిన స్వర్ణ సబ్-1 2009లో రైతులకు అందింది. కోట్లమంది కంచాల్లోకి అన్నం చేర్చిన స్వర్ణ రూపుదిద్దుకున్నది మన బస్సు దారిలోనే. అయినా వరి వంగడాల శాస్త్రవేత్త అవుతానని చెప్పే పిల్ల మన తరగతిలో ఎందుకు లేదో పెద్దలంతా ఆలోచించాలి.

ఇక చదువుల కాలం, ఖర్చు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఆపై ప్రత్యేక విభాగానికి మరో మూడేళ్లు. పశువైద్యం కూడా ఐదున్నరేళ్లే. మత్స్యశాస్త్రం, ఉద్యాన శాస్త్రం, వ్యవసాయం నాలుగేళ్ల డిగ్రీలు. ఈ మూడింటికీ సాధారణ దారి ఇంటర్లో బైపీసీ చదివి ఎప్‌సెట్ రాయడం, అంటే చెరువుల ఊళ్లో పుట్టిన పిల్లవాడు ఆలోచించకుండా ఎంపీసీలో చేరిన రోజే మత్స్యశాస్త్రం దారి దాదాపు మూసుకుపోతోంది. పది తర్వాత నేరుగా చేరగల వ్యవసాయ, ఉద్యాన, మత్స్య పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. న్యాయశాస్త్రం ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్లు. సీఏకు ఇంటర్ తర్వాతే ఫౌండేషన్ రాయవచ్చు, ఆర్టికల్‌షిప్ ఇప్పుడు రెండేళ్లు. ఈ లెక్కలో ఎవరూ కలపని ఖర్చు ఒకటుంది. నీట్ ర్యాంకు రాక లాంగ్ టర్మ్ కోచింగ్‌లో పోయే ఏళ్లు. ఒక ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు. డాక్టరు కావాలన్న కోరిక నిజంగా పిల్లదైతే ఆ ఏళ్లకు అర్థముంది. బైపీసీకి మరో దారి లేదన్న భ్రమతో గడిచిన ఏళ్లయితే అది పెద్దల తప్పు.

పని ముందు, చదువు తర్వాత అన్నది కొత్త మాట కాదు. అమెరికాలో ఫ్రాంక్ పార్సన్స్ 1908లో బోస్టన్‌లో వృత్తి మార్గదర్శక కేంద్రం నడిపారు. ఆయన పోయాక 1909లో వెలువడిన పుస్తకంలో చెప్పింది ఇదే: నిన్ను నువ్వు తెలుసుకో, పనులను తెలుసుకో, ఆ రెంటికీ పొత్తు కుదురుతుందో లేదో ఆలోచించు. మన ఊళ్లలో మొదటిదానికి మార్కుల జాబితా వచ్చి కూర్చుంది, రెండోదానికి బంధువుల మాట, మూడోది జరగనే జరగదు. చేపల సాగులో ప్రపంచానికి పేరున్న నార్వేలో పిల్లలు రెండేళ్లు బడిలో, రెండేళ్లు సాగు కేంద్రంలో పనివాళ్లుగా ఉండి ఆ వృత్తిలో సర్టిఫికెట్ తీసుకుంటారు. అక్కడి సముద్రం, సంపద వేరు. పద్ధతిని మాత్రం తెచ్చుకోవచ్చు. మన 2020 జాతీయ విద్యావిధానం కూడా 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తుల దగ్గరికి పిల్లల్ని పంపమంది.

దీనికి వచ్చే ఆక్షేపణల్లో మొదటిది జీతం. సాఫ్ట్‌వేర్‌లో వచ్చేంత చెరువు గట్టున వస్తుందా అని అడుగుతారు. చాలామందికి రాదు. మత్స్యశాస్త్రం చదివినవాళ్లకు ప్రభుత్వోద్యోగాలు తక్కువ, ప్రైవేటు మేత కంపెనీల్లో తొలి జీతాలూ గొప్పగా ఉండవు. అది దాచడం అన్యాయం. అయితే పోల్చేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో బాగా పైకొచ్చినవాడి జీతాన్ని చేపల శాస్త్రవేత్త తొలి జీతంతో పోలుస్తున్నాం. ఇంజనీరింగ్ పూర్తిచేసి చదువుకు సంబంధం లేని పనిలో ఉన్నవాళ్లను, ఇంకా పని వెతుక్కుంటున్నవాళ్లను లెక్కలోకి తీసుకోవడం లేదు. పైగా నేను చేపల శాస్త్రమే చదవమనడం లేదు. ఒక అమ్మాయి కోడింగ్ అంటే ఏమిటో చూసి, దాన్ని ఇష్టపడి ఎంపీసీలో చేరితే ఈ వ్యాసం ఆమె పక్షానే ఉంది.

రెండో ఆక్షేపణ అంతకన్నా బరువైనది, దానికి తలవంచి జవాబివ్వాలి. మట్టిలో, బురదలో బతుకు వెళ్లదీసిన తండ్రి తన బిడ్డను ఆ బురద దాటించాలనుకుంటాడు. పట్టుబడికి వలలు లాగే కూలీకి, కొల్లేటి లంక గ్రామాల మత్స్యకారుడికి స్థానిక వృత్తి చదవండి అని చెప్పడం నీ కులవృత్తిలోనే ఉండిపో అన్నట్టు వినిపిస్తుంది. ఈ దేశంలో పుట్టుకే పనిని నిర్ణయించిన చరిత్ర ఇంకా కళ్లముందే ఉంది, కనుక ఆ అనుమానం న్యాయమైనదే. కానీ వల లాగే పని వేరు, ఆ వలలో పడిన చేపకు రోగమేమిటో చెప్పే పని వేరు. లంక గ్రామం నుంచి వచ్చిన అమ్మాయి జలజీవ వైద్యంలో పట్టా తీసుకుని చెరువు యజమానికి సలహా చెప్పే రోజు వస్తే అది కులవృత్తి కొనసాగింపు కాదు, దాని సంకెల తెంచడం. ఇప్పుడు ఆ జ్ఞానం దుకాణదారు చేతిలో, కంపెనీ ప్రతినిధి చేతిలో ఉంది. పిల్లలు ఊరు వదలవచ్చు, వదలకపోవచ్చు, ఏది చేసినా చూసి ఎంచుకున్నదై ఉండాలి. ఫీజు భయంతో ఎంపిక ఆగిపోకుండా చూడటం మాత్రం ప్రభుత్వం పని, తండ్రి పని కాదు.

ఆక్వా నిలకడ లేనిది కదా అన్నది మూడోది. 1994 ఉంది, 2006 ఉంది, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచడం ఉంది. పైగా చెరువులు కొల్లేటిని మింగేశాయన్న నింద ఉంది, అందులో నిజమూ ఉంది. నా దృష్టిలో ఇవన్నీ చదువుకున్నవాళ్లు కావాలనడానికే సాక్ష్యాలు. తెగులు ముందే పట్టేవాళ్లు, మరో దేశంలో మార్కెట్ వెతికేవాళ్లు, చెరువు వదిలే మురుగు సరస్సులో చేరకుండా శుద్ధిచేసేవాళ్లు లేకనే దెబ్బ ఇంత గట్టిగా తగిలింది. నీటి రసాయనం చదివిన మనిషికి చేపల సాగు కుదేలైనా తాగునీటి శాఖలో, ఆహార పరీక్షల్లో, కాలుష్య నియంత్రణలో పని ఉంటుంది. ఒక పరిశ్రమకు కట్టుబడే చదువు కన్నా ఒక శాస్త్రానికి కట్టుబడే చదువు మేలు. దుకాణం పెట్టేలా నేర్పే మూడు నెలల శిక్షణలను నేను అందుకే అంతగా నమ్మను.

పదిహేనేళ్ల పిల్లలకు ఏం తెలుస్తుంది అన్నది చివరిది. తెలియదు, నిజమే. అందుకే చూపించమనడం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివినా పూర్తి ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, అమెరికా వెళ్లి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసి, జీవరసాయన శాస్త్రంలో తన పనిని వెతుక్కున్నారు. ఫోలిక్ ఆమ్లం, క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్, మన డెల్టా ఊళ్లను పీడించిన బోదకాలుకు హెట్రజాన్, వీటి వెనక ఉన్నది ఆయన కృషే. అంతటి మేధ అందరికీ ఉండదు, ఆయన్ని చూపి పిల్లలపై మరో బరువు మోపడం నా ఉద్దేశం కాదు. మొదటి పట్టా తప్పితే జీవితం తప్పినట్టు కాదని, ఒక చదువులోంచి మరో పనిలోకి దారులు ఉంటాయని చెప్పడానికి అంతకన్నా దగ్గరి సాక్ష్యం మనకు లేదు. పదిహేనేళ్లకే తుది నిర్ణయం అక్కర్లేదు. చూసి వేసిన మొదటి అడుగైతే చాలు.

కాబట్టి మన బడుల ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. జాతీయ విద్యావిధానం చెప్పిన ఆ పది రోజులు కాగితం మీద ముగించకండి. ఒక తెల్లవారుజామున పిల్లల్ని చెరువు గట్టు మీద నిలబెట్టి ఆక్సిజన్ మీటరు వాళ్ల చేతికివ్వండి. ఒకరోజు మార్టేరు పొలంలో, ఒకరోజు వెంకటరామన్నగూడెంలో, ఒకరోజు పెదవేగిలో, ఒకరోజు ఏలూరు ఆసుపత్రి ల్యాబులో, ఒకరోజు కోర్టు హాలులో, ఒకరోజు నిట్ వర్క్‌షాపులో గడపనివ్వండి. అక్కడ పనిచేసేవాళ్లను రెండు ప్రశ్నలు అడగమనండి: మీ రోజు ఎలా గడుస్తుంది, ఇక్కడికి రావడానికి మీరు ఏం చదివారు? జూన్‌లో ఇంటర్ కాలేజీ దరఖాస్తు నింపే ముందు ఆ జవాబులు పిల్లల నోటే ఒకసారి వినండి.